గుండు కోసం ఆపిన మాత్ర

నాకు కోపం ఎక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాతి సంగతులు అర్థం చేసుకోవడం తేలిక. ఆఫీసులో నా బల్ల మీద ఫైలు పెట్టేవాళ్లు పెట్టీ పెట్టగానే రెండడుగులు వెనక్కి వేసేవాళ్లు. ఇంట్లో మా ఆవిడ విజయ ఒక్క అడుగు కూడా వెనక్కి వేసేది కాదు. అందువల్ల మా ఇంట్లో సొట్ట పడని స్టీలు గ్లాసు ఒక్కటి కూడా మిగల్లేదు. ఇంట్లో మనిషి మీద ఏనాడూ చెయ్యి చేసుకోలేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి, గ్లాసులు లెక్కలోకి రావన్నట్టు.

ఏడాదిన్నర కిందట నాకు గుండెపోటు వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండా రెండోది వచ్చింది. మొదటిది దానంతటదే వచ్చింది. రెండోదాన్ని నేనే తలుపు తీసి లోపలికి పిలిచాను. దాని వెనక నిజం ఇప్పటిదాకా నలుగురికే తెలుసు. గుండెకి మాత్రలు మింగేవాళ్లు ఎవరైనా ఇది చదివి, మాత్ర ఆపే ముందు తమ డాక్టరుకి ఒక్క ఫోను చేస్తే నాకు అంతే చాలు.

ఫిబ్రవరి

మాది నరసరావుపేట. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్ని. ఇల్లు ఇందిరాపురంలో, ఏడో అంతస్తు. విజయ దగ్గర్లోనే ఒక స్కూల్లో లెక్కల టీచరు. మా అమ్మాయి హారికకి అప్పుడు పద్నాలుగేళ్లు. 2006లో మా వైపు మెట్రో ఇంకా రాలేదు. ఆఫీసులకి వెళ్లే వాళ్లందరం కలిసి మాట్లాడుకున్న చార్టర్డ్ బస్సులో వెళ్లేవాళ్లం. అందులో ఎవరి సీటు వాళ్లది. నాది ఎడమవైపు నాలుగో వరుసలో కిటికీ పక్కది. ఆరేళ్లుగా దాని మీద ఇంకొకడు కూర్చున్న పాపాన పోలేదు.

ఆ రోజు పొద్దున ఒక కొత్త మనిషి అందులో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"భాయి సాబ్, యే మేరీ సీట్ హై" అన్నాను.

"నామ్ లిఖా హై క్యా?" అన్నాడు పేపరు దించకుండా. పేరు రాసుందా అని నన్ను అడుగుతాడా!

పేపరు లాగి పారేశాను. కాలరు పట్టుకుని లేపాను. వాడి చొక్కా గుండీ తెగి నా బూటు మీద పడింది. వాడు నా స్వెట్టరు మెడ దగ్గర పట్టుకుని కిటికీకేసి తోశాడు. వెనక సీట్లలో పేకాడుకునేవాళ్లు ముక్కలు కింద పడేసి వచ్చి మధ్యలో దూరారు. "అరే ఛోడో యార్, సుబహ్ సుబహ్!" అని, పొద్దున్నే ఈ గొడవేమిటి వదిలెయ్యమని అందరూ అరిచారు. ఆఖరికి వాడు లేచి వెనక్కి పోయాడు. నేను గెలిచాను. గెలిచి నా సీట్లో కూర్చున్నాను.

కూర్చున్న రెండు నిమిషాలకి ఎవరో ఛాతీ మీద మోకాలు పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కుతున్నట్టు అయింది. దవడ పట్టేసింది. ఎడమ చెయ్యి మోచేతిదాకా లాగేస్తోంది. బయట మంచు కురుస్తుంటే నా బనియను చెమటతో తడిసిపోయింది. ఇదేమిటో నాకు తెలీకపోలేదు. అయినా నోరు విప్పలేదు. అంత పోట్లాడి గెలుచుకున్న సీట్లో కూర్చుని 'నాకు బాగాలేదు' అని ఎలా చెప్పను? యమున వంతెన దాటేదాకా పళ్లు బిగబట్టి కూర్చున్నాను. అంత బుద్ధిలేని పని ఇంకొకటి చేయబోతానని అప్పుడు నాకు తెలీదు.

నా మొహం చూసి ముందుగా కేకేసింది ఆ గుండీ తెగినవాడే. "ఇన్‌కా రంగ్ దేఖో! గాడీ హాస్పిటల్ లే చలో!" అని, బస్సు ఆస్పత్రికి పోనిమ్మని డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు. నలభై మంది ఆఫీసులు మానుకుని నాతో ఆస్పత్రికి వచ్చారు. దారి పొడుగునా నా తల తన ఒళ్లో పెట్టుకున్నది వాడే. పేరు కూడా అడగలేదు నేను. ఆ బస్సులో మళ్లీ కనిపించలేదు.

ఆస్పత్రిలో తొడ దగ్గర నుంచి తీగ పంపి, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి, అది మళ్లీ మూసుకోకుండా స్టెంటు పెట్టారు. జల్లెడలాంటి సన్నని లోహపు గొట్టం. డిశ్చార్జి రోజున డాక్టరమ్మ నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. యాభై దాటిన పంజాబీ ఆవిడ. చిన్నపిల్లాడికి చెప్పినట్టు హిందీలో నింపాదిగా చెప్పింది.

"రామ్మోహన్‌జీ, ఈ రెండు మాత్రలు చూడండి. ఒకటి ఆస్ప్రిన్, రెండోది క్లోపిడోగ్రెల్. రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. లోపల పెట్టింది లోహం. దాని మీద మీ ఒంటి పొర ఎక్కేదాకా రక్తం దాన్ని చూస్తే గడ్డకట్టాలనే చూస్తుంది. ఏడాదిపాటు ఈ రెండిట్లో ఏదీ ఒక్కరోజు కూడా మానకూడదు. పన్ను పీకేవాడు ఆపమన్నా, ఇంకెవరు ఆపమన్నా ముందు నాకు ఫోను చెయ్యాలి. సమఝ్ గయే?"

"హాఁ జీ, అర్థమైంది" అన్నాను. ఆవిడ తన నంబరున్న కార్డు విజయ చేతిలో పెట్టింది. విజయ దాన్ని ఇంటికి రాగానే ఫ్రిజ్ మీద అంటించింది.

ఇంటికొచ్చిన వారానికి మొక్కు సంగతి బయటపడింది. లోపల నాకు తీగ వేస్తున్నంతసేపూ విజయ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నేను బతికి బయటపడితే తిరుమలలో నాచేత తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుందట.

నాకు నలభై ఏడేళ్లు. తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. నా జుట్టు చూసి ఆఫీసులో కుర్రాళ్లు కుళ్లుకునేవాళ్లు. "నా జుట్టు నువ్వెలా మొక్కుతావే? నన్నడిగావా?" అని గ్లాసు విసిరాను. స్టెంటు పడ్డాక విసిరిన మొదటి గ్లాసు అదే.

"అప్పుడు మిమ్మల్ని అడగడానికి మీరు తెలివిలో ఉన్నారా?" అంది విజయ గ్లాసు ఎత్తుతూ. "ప్రాణం కంటే జుట్టెక్కువా? నోర్మూసుకుని వేసవి సెలవుల్లో రండి."

మే

రక్తం పలచబడిందంటే ఏమిటో నాకు గెడ్డం గీసుకుంటుంటే తెలిసింది. చిన్న గాటు. టవలు ఎర్రబడేదాకా కారుతూనే ఉంది. పళ్లు తోముకుంటే ఉమ్ములో ఎరుపు. మోచెయ్యి తలుపుకి తగిలితే అరచేతంత నల్లమచ్చ. ఇవన్నీ మామూలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. మరీ ఎక్కువైతే వచ్చి కనపడమంది. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

హారికని తోడు తీసుకుని చెకప్‌కి వెళ్లాను. వెయిటింగ్ హాల్లో రెండు గంటలు కూర్చున్నాం. నా టోకెను పిలవాల్సిన చోట నా తర్వాతివాణ్ణి పిలిచారు. ఇంకేముంది! కౌంటరు అద్దం మీద చరిచాను. "మీ ఇష్టారాజ్యమా ఇది? నేను సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసర్ని!" అని హాలంతా దద్దరిల్లేలా అరిచాను. కౌంటరులో పిల్ల ఏడ్చేసింది.

డాక్టరమ్మ గది తలుపు తీసుకుని బయటికి వచ్చింది. "రామ్మోహన్‌జీ, ఇది మీ ఆఫీసు కాదు. మీకంటే పెద్ద జబ్బున్నవాళ్లు ఇక్కడ నోరు మూసుకుని కూర్చున్నారు. మీ తర్వాతి ఆయనకి ఊపిరాడటం లేదు, అందుకే ముందు పిలిచాను. ఇంకోసారి అరిస్తే వేరే డాక్టర్ని చూసుకోండి" అంది.

హాల్లో యాభై మంది నన్నే చూస్తున్నారు. పదహారేళ్ల సర్వీసులో జాయింట్ సెక్రటరీ కూడా నన్ను అలా అనలేదు. హారిక నా చెయ్యి వదిలేసి రెండు కుర్చీలవతలకి జరిగి కూర్చుంది. ఆటోలో "పాపా, ఆప్‌కీ హీ గల్తీ థీ" అంది. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. తప్పు నాదేనని తెలుగులో చెప్పినా నేను ఒప్పుకునే స్థితిలో లేను. ఆ ఆడమనిషికి ఈ జన్మలో ఫోను చెయ్యనని ఆటోలోనే ఒట్టు పెట్టుకున్నాను.

జూన్

జూన్ రెండో వారానికి తిరుపతికి టికెట్లు కొన్నాం. పై అంతస్తులో కృష్ణమూర్తిగారని రిటైరైన తెలుగాయన ఉంటారు. ప్రతి జబ్బుకీ ఆయన దగ్గర ఒక మాట ఉంటుంది. బయల్దేరే వారం ముందు కాఫీకి వచ్చి, సంగతి విని కళ్లు పెద్దవి చేశారు.

"గుండా? రక్తం పలచబడే మందు మీదున్నావు కదయ్యా! కొండ మీద కల్యాణకట్టలో మంగలి గబగబా లాగేస్తాడు. నాలుగు గాట్లు పడితే? గెడ్డం గాటుకే టవలు తడిసిందంటివి. నాకు పన్ను పీకినప్పుడు ఆస్ప్రిన్ ఐదు రోజుల ముందు ఆపించారు" అన్నారు. తర్వాత కప్పు కింద పెడుతూ, "అయినా నా మాట పట్టుకోకు. మీ డాక్టరమ్మని ఒకసారి అడుగు" అని కూడా అన్నారు. ఆయన అన్న ఈ రెండో మాట నేను తర్వాత రెండు నెలలపాటు ఎవరికీ చెప్పలేదు.

ఆయన వెళ్లాక వంటింట్లోంచి వచ్చిన విజయకి మొదటి మాటే చెప్పాను. ఆమె ఫ్రిజ్ మీద కార్డు చూపించింది. "ఫోను చేసి అడగండి. ఆవిడ వద్దంటే గుండు ఇప్పుడు మానేద్దాం. ఏడాది పోయాక ఇద్దాం. దేవుడేం తొందరపడడు."

"ఆవిణ్ణి నేను అడగను."

"అయితే నేను అడుగుతా."

"నువ్వు అడిగితే నేను అడిగినట్టే! నోర్ముయ్. మా ఆఫీసు డిస్పెన్సరీలో డాక్టరున్నాడు, రేపు ఆయన్ని అడుగుతా."

మర్నాడు ఆఫీసుకి వెళ్లాను. డిస్పెన్సరీ మా సెక్షనుకి రెండు గదుల అవతల. నిజం చెబుతున్నా, గుమ్మం దాకా వెళ్లాను. బెంచీ మీద ఏడెనిమిది మంది ఉన్నారు. మళ్లీ టోకెను, మళ్లీ కూర్చోవడం. వెనక్కి వచ్చేశాను. సాయంత్రం విజయ అడిగితే, "అడిగాను. బయల్దేరే ఐదు రోజుల ముందు ఆపి, గుండయ్యాక మళ్లీ మొదలెట్టమన్నాడు" అన్నాను. నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "సరే అయితే" అని మాత్రల డబ్బా తీసి సూట్‌కేసులో పెట్టింది.

ఆ ఐదు రోజులూ నేను ఎంత హాయిగా ఉన్నానో! చిగుళ్ల నుంచి రక్తం లేదు. గెడ్డం గాటు ఇట్టే ఆగిపోయింది. డాక్టర్లంతా భయపెట్టి బతుకుతారని విజయకి లెక్చరు ఇచ్చాను.

ఐదో రోజు సాయంత్రం రైలు. పొద్దున తొమ్మిదింటికి బాత్రూములో అద్దం ముందు నిలబడి, ఇంకో రెండు రోజులే ఉండే జుట్టుని దువ్వుకుంటున్నాను. ఈసారి మోకాలూ లేదు, నొక్కడమూ లేదు. ఒక్క దెబ్బకి ఛాతీ చీల్చినట్టయింది. దువ్వెన జారిపోయింది. అద్దం వెనక షెల్ఫులో, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని ఇచ్చిన చిన్న మాత్ర ఉంది. తీసి పెట్టుకున్నాను. కూర్చుని పెట్టుకోవాలనీ, నిలబడితే బీపీ పడిపోయి కూలబడతావనీ ఆస్పత్రివాళ్లు నాలుగుసార్లు చెప్పి పంపారు. నేను నిలబడే పెట్టుకున్నాను. కళ్లు చీకట్లు కమ్మాయి. పడుతూ పడుతూ వాష్‌బేసిన్‌ అంచుకి నుదురు కొట్టుకున్నాను.

విజయ తలుపు భుజంతో గుద్ది తెరిచింది. నుదుటి మీద గాయం రెండంగుళాలు. దాని రక్తం మాత్రం అప్పటికే గడ్డకట్టి ఆగిపోయింది. లోపల కూడా అదే పని జరుగుతోంది.

కృష్ణమూర్తిగారు పంచె మీదనే కారు తీశారు. నేను వెనక సీట్లో విజయ మీద పడి గిలగిల్లాడాను. తన్నాను, ఎవర్ని తన్నానో తెలీదు. హారిక ముందు సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చుని నా కాళ్లు పట్టుకుంది. ఎమర్జెన్సీ గుమ్మంలో స్ట్రెచరు మీదికి ఎక్కిస్తుండగా నా గుండె ఆగిపోయింది. ఇది తర్వాత ఆస్పత్రివాళ్లు చెప్పింది. ఒక మగ నర్సు స్ట్రెచరు మీదికి ఎక్కి రెండు చేతులతో ఛాతీని దంచాడట. రెండు పక్కటెముకలు విరిగాయి. గాజు తలుపు అవతల హారిక ఇదంతా చూసింది. పదేళ్లుగా పాపా అంటున్న పిల్ల "నాన్నా! నాన్నా!" అని గొంతు చిరిగేలా అరిచిందని కృష్ణమూర్తిగారు తర్వాత చెప్పారు.

కరెంటు షాకు మొదటిది నాకు తెలీదు. దానితో తెలివి వచ్చింది. కళ్లు తెరిచి పైన లైట్లు చూశాను. అంతలో గుండె మళ్లీ గాడి తప్పింది. ఎవరో "పీఛే హటో!" అని, అందర్నీ వెనక్కి జరగమని అరిచారు. చిన్నప్పుడు ఒకసారి గేదె నా ఛాతీ మీద తన్నింది. ఇది దానికి పదింతలు. ఒళ్లు మొత్తం మంచం మీంచి ఎగిరి పడింది. నాలుక పళ్ల మధ్య పడి తెగింది. నోటినిండా రక్తంతో నేను బూతులు తిట్టానట, నరసరావుపేట బూతులు. అక్కడ ఎవరికీ అర్థం కాకపోవడం నా అదృష్టం.

మళ్లీ తీగ వేశారు. నాలుగు నెలల కిందట పెట్టిన స్టెంటు లోపల రక్తం గడ్డకట్టి పూర్తిగా మూసుకుపోయింది. ఆ గడ్డని లాగేసి, ఇంకో స్టెంటు వేసి, దారి తెరిచారు. మర్నాడు ఐసీయూలో డాక్టరమ్మ నా కాళ్ల దగ్గర నిలబడింది. పక్కన విజయ. చీర మీద నా నుదుటి రక్తం ఇంకా ఉంది.

"మాత్రలు ఎప్పుడు ఆపారు?"

"ఐదు రోజులైంది."

"ఎవరు ఆపమన్నారు?"

నాలుక వాచి ఉంది. అయినా మాట వచ్చింది. "మొక్కు ఉంది మేడమ్. గుండు చేయించుకోవాలి. ఇంట్లోవాళ్లు మొక్కారు" అన్నాను.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు, చూడండి. ఫైళ్ల మీద నోటింగులు రాసీ రాసీ నేర్చిన విద్య అది. తప్పు ఎవరిదో చెప్పకుండానే అవతలివాళ్ల మీదికి నెట్టేయడం.

డాక్టరమ్మ విజయ వైపు తిరిగింది. "మీరు చదువుకున్నవాళ్లు కదా? టీచరు కదా? జుట్టు కోసం మనిషిని చంపుకుంటారా? ఒక్క ఫోను చెయ్యలేకపోయారా?" అని ఐసీయూ అంతా వినేలా కడిగేసింది. "మేడమ్, వాళ్ల డిస్పెన్సరీ డాక్టరుగారే..." అని విజయ ఏదో అనబోయింది. నేను కళ్లు మూసుకుని గట్టిగా మూలిగాను. విజయ మాట ఆపేసి నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. విరిగిన ఎముకల నొప్పి నిజమే. ఆ మూలుగు మాత్రం నొప్పిది కాదు.

ఆగస్టు

ఇంటికొచ్చాక విజయ మారిపోయింది. నేను అరిస్తే తిరిగి అరవడం మానేసింది. గ్లాసు విసిరితే చప్పుడు లేకుండా ఎత్తి పెట్టేది. రోజూ మాత్రలు తనే తెచ్చి, నేను మింగేదాకా నిలబడేది. ఒకరోజు స్కూలు నుంచి వస్తూనే, "ఆ డిస్పెన్సరీ డాక్టరు మీద కంప్లయింటు పెడతాను. నాలాగా ఇంకొకత్తె మొగుణ్ణి పోగొట్టుకునేదాకా రాకూడదు" అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పాపం పెద్దాయన, రిటైర్మెంటు దగ్గర్లో ఉన్నాడు. ఎందుకులే" అన్నాను.

"అవున్లెండి" అంది. "ఆయన్ని అని ఏం లాభం? మొక్కింది నేను. తేదీ పెట్టింది నేను. నా వల్లే కదా."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. అంత కోపిష్టి మనిషిని, ఒక్క వాక్యానికి భయపడి చచ్చాను.

ఆగస్టులో తిరుమల వెళ్లి దేవుడికి క్షమాపణ చెప్పుకుని వస్తానంది. తిరుపతిలో వాళ్ల తమ్ముడు కలుస్తాడు. వెళ్లమన్నాను. ఆడవాళ్లు మూడు కత్తెరలని నాలుగు వెంట్రుకలు ఇచ్చి వస్తారు కదా, విజయా అలాగే ఇస్తుందనుకున్నాను. విజయ జడ నడుం దాటి ఉండేది. పెళ్లిచూపుల్లో నేను ముందు చూసింది ఆ జడనే.

ఆరో రోజు మధ్యాహ్నం బెల్లు మోగితే తలుపు తీశాను. పైట తల చుట్టూ కప్పుకుని, చేతిలో లడ్డూల సంచీతో నిలబడి ఉంది. లోపలికి వచ్చి పైట తీసింది. నున్నటి గుండు. ఎండిన గంధం చెవుల వెనక తెల్లగా పట్టి ఉంది.

"మమ్మీ! ఆప్‌కే బాల్!" అని, జుట్టేమైందన్నట్టు చూస్తూ హారిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

విజయ నవ్వబోయింది. "మీ తల మొక్కడమే నా తప్పండీ. మొదటే నా తల మొక్కుంటే ఎవరి మందూ ఆపాల్సిన పని ఉండేది కాదు" అంది.

చెప్పుల స్టాండు పక్కన కింద కూర్చుండిపోయాను. "డిస్పెన్సరీ డాక్టర్ని నేను అడగలేదు" అన్నాను.

"ఏమిటి?"

"ఎవర్నీ అడగలేదు. గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాను. నీతో అబద్ధం చెప్పాను. కృష్ణమూర్తిగారు కూడా అడగమనే అన్నారు. నేనే, విజయా. అంతా నేనే."

ఆమె లడ్డూల సంచీని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. పక్కన నా నీళ్ల గ్లాసు ఉంది. పదిహేడేళ్ల కాపురంలో నా చేత్తో తప్ప లేవని గ్లాసు. తీసి బలంకొద్దీ విసిరింది. బాల్కనీ తలుపు అద్దం భళ్లున పగిలి గదంతా చిందింది. అక్కడితో ఆగలేదు. చెయ్యెత్తి నా మీదికి వచ్చింది. అరచెయ్యి నా చెంపకి అంగుళం దూరంలో ఆగిపోయింది.

"రెండు నెలలు" అంది. "రెండు నెలలు నిద్రపోలేదు నేను. మొగుణ్ణి చంపబోయాననుకుంటూ బతికాను. అందరి ముందూ ఆవిడ నన్ను తిడుతుంటే నువ్వు మూలిగావు!" పెళ్లయ్యాక నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. "నీ గుండె తట్టుకోదని ఆగుతున్నా. బాగుపడనీ. ఈ దెబ్బ ఎక్కడికీ పోదు."

అద్దం పెంకుల మీంచి చెప్పులతో నడిచివెళ్లి ఫ్రిజ్ మీది కార్డు పీకింది. నంబరు నొక్కి ఫోను నా చెవికి ఆనించి, "చెప్పు" అంది. చెప్పాను.

"కత్తి గాట్లకి మాత్ర ఆపాల్సిన పనే లేదు రామ్మోహన్‌జీ. దూది పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంటే పది నిమిషాలకి ఆగుతుంది" అంది డాక్టరమ్మ. "ఆ రోజు అడిగి ఉంటే ఈ మాటే చెప్పేదాన్ని. ఫోను మీ ఆవిడకి ఇవ్వండి." తర్వాత అవతల ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. విజయ గోడకి ఆనుకుని, గుండు మీద చెయ్యి పెట్టుకుని, "పర్వాలేదు మేడమ్, పర్వాలేదు" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

సాయంత్రం నేనే మెట్లెక్కి కృష్ణమూర్తిగారి ఇంటికి వెళ్లి ఆయనకీ చెప్పాను. జూన్ నుంచి ఆయన ఎవరికీ ఏ జబ్బుకీ సలహా ఇవ్వడం మానేశారని వాళ్లావిడ అప్పుడు చెప్పింది.

మరుసటి జూన్

ఏడాది గడిచింది. ఒక్కరోజు మాత్ర మానలేదు. వెయిటింగ్ హాల్లో నా టోకెను మూడుసార్లు వెనక్కి పోయినా కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. కోపం రాలేదని కాదు, నోరు తెరవలేదంతే. విజయ జుట్టు మెడ దాకా పెరిగింది. స్కూల్లో పిల్లలు ఆ బాబ్ కటింగు బావుందన్నారట.

ఈ నెలలో డాక్టరమ్మ రిపోర్టులన్నీ తిరగేసి, "బహుత్ అచ్ఛా. గుండె బాగా పనిచేస్తోంది. రెండో మాత్ర ఇంకొన్నాళ్లు చూసి ఆపుదాం, ఎప్పుడన్నది నేను చెబుతాను. ఆస్ప్రిన్ మాత్రం జీవితాంతం" అంది.

మేం లేవబోతుంటే విజయ ఆగింది. "డాక్టర్ సాహబ్, ఒక్క సంగతి. ఇప్పుడు ఈయన గుండె ఒక దెబ్బకి తట్టుకుంటుందా?"

"ఎలాంటి దెబ్బ?"

విజయ అరచెయ్యి చాపి చూపించింది. డాక్టరమ్మ ఆ చెయ్యి చూసి, నన్ను చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఒక్కటైతే పర్వాలేదు" అంది. "ఛాతీ మీద వద్దు."

విజయ మా లిఫ్టులో ఏడంతస్తులూ అంకెలు చూస్తూ నిలబడింది. ఇంట్లోకి వచ్చి, గొళ్లెం పెట్టి, హ్యాండుబ్యాగు కొక్కేనికి తగిలించి, నా ఎదురుగా వచ్చి నిలబడింది. నేను కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాను.

ఎడమ చెంప. చెవిలో గుయ్‌మని మోత, కళ్లల్లో నీళ్లు. తల గోడకి తగలబోయి ఆగింది. చెంప లోపల పన్ను గుచ్చుకుని నోట్లో ఉప్పగా రక్తం ఊరింది. హారిక గదిలోంచి పరిగెత్తుకొచ్చి మా ఇద్దర్నీ చూసి, వెళ్లి దూది తెచ్చింది. నేను కుర్చీలో కూర్చుని దూది లోపల పెట్టి గట్టిగా నొక్కి పట్టుకున్నాను. విజయ ఎదురుగా కూర్చుని గోడ గడియారం చూస్తోంది.

"ఆగిందా?" అంది చాలాసేపటికి.

దూది తీసి చూశాను. "ఆగింది."

"పదకొండు నిమిషాలు. అంటే మందు పనిచేస్తోంది" అని లేచి వెళ్లి, ఆ పూట మాత్రలూ నీళ్ల గ్లాసూ తెచ్చి, నేను మింగేదాకా అక్కడే నిలబడింది.